తూర్పు లండన్‌లో ఇళ్ళ లిస్టు రాసిన రోజులు

1986లో నేను తూర్పు లండన్‌లోని ఒక బరో కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బరో అంటే లండన్‌లో సొంత కౌన్సిల్ ఉన్న ఒక్కో పాలనా విభాగం. అదే ఏడాది మార్చి 31న థాచర్ ప్రభుత్వం, లండన్ మొత్తం పాలన చూసే గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను రద్దు చేసింది. అంతకుముందు థేమ్స్ ఒడ్డున, పార్లమెంటుకి ఎదురుగా ఉన్న ఆ కౌన్సిల్ భవనం కౌంటీ హాల్ పైకప్పు మీద, లండన్‌లో ఎంతమంది నిరుద్యోగులున్నారో పెద్ద పెద్ద అంకెల్లో బోర్డు పెట్టేవారు ఆ కౌన్సిల్ నాయకుడు కెన్ లివింగ్‌స్టన్ వాళ్ళు. అవతలి ఒడ్డున ఉన్న ఎంపీల కళ్ళకి అది కనబడి తీరాలి. వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద బస్సులో వెళ్తూ ఆ బోర్డు చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఊరి పాలన చూసుకునే సంస్థ దేశాన్నేలే ప్రభుత్వాన్ని ఇలా ఎదురుగా నిలబడి లెక్క అడగొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇలాంటివేవీ రాయలేదు. 1989లో వచ్చిన చట్టం ప్రకారం కౌన్సిల్‌లో ఒక స్థాయి దాటిన ఉద్యోగులు బహిరంగంగా రాజకీయాలు మాట్లాడకూడదు. అది మంచి నియమమేనని ఇప్పటికీ అంటాను. గోడు చెప్పుకోవడానికి కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషికి, నేను ఎవరికి ఓటేస్తానన్న అనుమానం రాకూడదు. ఇప్పుడు రిటైరయ్యాను. "అక్కడ కౌన్సిల్ ఇళ్ళంటే పనీపాటా లేనివాళ్ళకి గవర్నమెంటు ఊరికే ఇచ్చేవేగా" అని మనవాళ్ళు అంటుంటే విని విని, నాకు తెలిసింది రాయాలనిపించింది.

కౌన్సిల్ ఇళ్ళంటే స్థానిక కౌన్సిల్ కట్టించి అద్దెకిచ్చే ఇళ్ళు. మా సెక్షన్ పని వాటి వెయిటింగ్ లిస్టు. ఇల్లు కావాలని అర్జీ పెట్టుకున్నవాళ్ళకి పాయింట్లు వేయాలి. ఒక గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, ఎదిగిన ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే గదిలో ఉంటున్నారా, గోడలకి తేమ ఉందా, స్నానాల గది పక్కవాటావాళ్ళతో కలిసి వాడుకోవాలా, డాక్టరు ఉత్తరం ఉందా... ప్రతి కష్టానికీ ఒక అంకె. అంకెలు కూడితే వచ్చేదే లిస్టులో వాళ్ళ స్థానం. పైకి రావాలంటే కష్టం పెరగాలి. సిల్హెట్ నుంచి వచ్చిన ఒక బంగ్లాదేశీ తల్లి ఒకరోజు గబగబా కౌంటర్ దగ్గరికొచ్చి డాక్టరు ఉత్తరం నా చేతిలో పెట్టింది. "ఆపా (అక్కా), బాబుకి ఆస్తమా బాగా ముదిరిందని రాశాడు. ఇప్పుడు వస్తుందా ఇల్లు?" అంది. ఆ అడగడంలో ఆశ ఉంది. కన్నకొడుకు జబ్బు ముదిరిందన్న ఉత్తరం తల్లికి శుభవార్త అయిన క్షణం అది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ మొహం నన్ను వదల్లేదు.

పాయింట్ల పద్ధతి కౌన్సిల్ ఇళ్ళతో పాటే పుట్టిందనుకున్నాను నేను. ఆ ఇళ్ళు అందుకోసం పుట్టలేదని చెప్పింది మా సీనియర్ ఒకావిడ. బెత్నల్ గ్రీన్‌లో పుట్టి పెరిగిన మనిషి, మా యూనియన్ ప్రతినిధి. లంచ్ టైములో నన్ను వెంటబెట్టుకుని వీధులన్నీ తిప్పేవారు. మొదట చూపించింది షోర్‌డిచ్ చర్చి వెనక ఉన్న బౌండరీ ఎస్టేట్. ఓల్డ్ నికల్ అనే మురికివాడని పడగొట్టి లండన్ కౌంటీ కౌన్సిల్ కట్టిన ఎర్ర ఇటుకల భవనాలు, 1900లో ప్రారంభమయ్యాయి. మధ్యలో గుండ్రటి దిబ్బ, దాని మీద బ్యాండ్ స్టాండ్, చుట్టూ పెద్ద పెద్ద చెట్లు. పడగొట్టిన వాడ రాళ్ళూ ఇటుక ముక్కలతో పోసిన దిబ్బ అది. 1889 నుంచి 1907 దాకా ఆ కౌన్సిల్‌ని నడిపిన కూటమి పేరే ప్రోగ్రెసివ్స్. లిబరల్స్, సోషలిజం మెల్లమెల్లగా, చట్టాల ద్వారా తేవాలనే సిడ్నీ వెబ్ లాంటి ఫేబియన్లు, కార్మిక నాయకులు అందులో కలిసి పనిచేశారు. ట్రాములూ పార్కులూ ఇళ్ళూ ప్రజల సొమ్ముతో ప్రజల కోసం నడపొచ్చని చేసి చూపించారు. "కానీ అద్దెలు ఎక్కువగా ఉండేవి. పాత వాడలోంచి వెళ్ళగొట్టినవాళ్ళలో ఇక్కడికి తిరిగి రాగలిగింది చాలా కొద్దిమంది. ఇది కూడా గుర్తుపెట్టుకో" అన్నారావిడ. ఆ నిజాయితీ వల్లే ఆవిడ చెప్పిన మిగతా మాటలు కూడా నమ్మాను.

పాప్లర్ కథ కూడా ఆవిడ చెప్పిందే. పాప్లర్ అంటే రేవు కూలీలుండే నిరుపేద బరో. ధనికులుండే వెస్ట్ ఎండ్‌తో సమానంగా లండన్ మొత్తానికి పన్ను వాటా కట్టమంటే, 1921లో అక్కడి కౌన్సిలర్లు కట్టేది లేదన్నారు. ఆ డబ్బు ఇక్కడి పేదలకే చాలదన్నారు. వాళ్ళ నాయకుడు జార్జ్ లాన్స్‌బరీతో సహా 30 మంది జైలుకెళ్ళారు. మగవాళ్ళు బ్రిక్స్‌టన్‌లో, ఆడవాళ్ళు హాలోవేలో. కౌన్సిల్ సమావేశాలు జైల్లోనే జరిపారు. ఆరు వారాల తర్వాత ప్రభుత్వం దిగొచ్చి, ధనిక బరోలు పేద బరోల భారం పంచుకునేలా చట్టం చేసింది. లాన్స్‌బరీ కోడలు మినీ లాన్స్‌బరీ జైలు నుంచి వచ్చిన కొద్ది నెలలకే, 32 ఏళ్ళ వయసులో న్యుమోనియాతో పోయింది.

వింటుంటే నాకు మా అమ్మమ్మ చెప్పిన చీరాల-పేరాల గుర్తొచ్చింది. అదీ 1921లోనే. మునిసిపాలిటీ పన్ను భరించలేమని జనం ఇళ్ళు ఖాళీ చేసి, ఊరి బయట రామ్‌నగర్ అని పాకలేసుకుని పదకొండు నెలలున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు జైలుకెళ్ళారు. ఒకటి సామ్రాజ్యపు రాజధానిలో, ఇంకొకటి ఆ సామ్రాజ్యం కింద నలిగిన మన ఊళ్ళో. రెండు చోట్లా స్థానిక పన్ను మీదే తిరుగుబాటు. నేను చెప్పినదంతా ఆవిడ నిలబడిపోయి విన్నారు, పేర్లు అడిగి కాగితం మీద రాసుకున్నారు.

ఆవిడకి అందరికన్నా ఇష్టమైన మనిషి అనైరిన్ బెవన్. మనవాళ్ళకి ఆయన, అందరికీ ఉచిత వైద్యమిచ్చే ఎన్‌హెచ్‌ఎస్ పెట్టిన లేబర్ పార్టీ మంత్రిగానే తెలుసు. 1945 నుంచి 1951 వరకు ఆరోగ్యంతో పాటు ఇళ్ళ శాఖ కూడా ఆయనదే. వేల్స్‌లో ట్రెడీగర్ అనే ఊళ్ళో పదమూడేళ్ళకే బొగ్గుగనిలో దిగినవాడు. యుద్ధంలో ఇళ్ళు కూలి జనం తలదాచుకునే చోటు లేక అల్లాడుతుంటే, త్వరగా, చిన్నచిన్నవైనా సరే కట్టెయ్యమని అన్ని వైపుల నుంచీ ఒత్తిడి. ఆయన ఒప్పుకోలేదు. మూడు పడగ్గదుల ఇల్లు కనీసం 900 చదరపు అడుగులు ఉండాలన్నాడు, మేడ మీదా కిందా కూడా మరుగుదొడ్డి ఉండాలన్నాడు. ఒకటి రెండేళ్ళ పాటు ఎన్ని కట్టామని అడుగుతారు, పదేళ్ళ తర్వాత ఎలాంటివి కట్టామని అడుగుతారు అన్నది ఆయన వాదన. సిమెంటుకీ కలపకీ కరువుగా ఉన్న రోజులవి. దాంతో ఆలస్యమైంది, జనం విసిగిపోయారు. తర్వాత వచ్చిన కన్సర్వేటివ్ మంత్రి హెరాల్డ్ మాక్మిలన్ ఏడాదికి మూడు లక్షల ఇళ్ళని లక్ష్యం పెట్టుకుని 1953లో సాధించాడు. ఇళ్ళ సైజు మాత్రం తగ్గింది. మాక్మిలన్ చేసింది చిన్న పనేమీ కాదు. ఇళ్ళు కట్టడం ప్రభుత్వం బాధ్యతని అప్పట్లో రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి; పోటీ అంతా ఎవరు ఎక్కువ కడతారనే.

బెవన్ చేసిన ఇంకో పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో అదే అన్నిటికన్నా గొప్పది. అంతకుముందు చట్టాల్లో కౌన్సిల్ ఇళ్ళు 'శ్రామిక వర్గాల కోసం' అని ఉండేది. 1949 చట్టంలో ఆ షరతు తీసేయించాడు. డాక్టరూ, కిరాణా కొట్టతనూ, మాంసం కొట్టేవాడూ, పొలం కూలీ అందరూ ఒకే వీధిలో ఉండాలని ఆయన కోరిక. అంటే కౌన్సిల్ ఇల్లు బీదరికానికి ఇచ్చే భిక్ష కాదు. బడిలాగా, ఆసుపత్రిలాగా అందరిదీ.

ఫిన్స్‌బరీలో స్పా గ్రీన్ ఎస్టేట్‌కి 1946లో శంకుస్థాపన చేసింది కూడా బెవనే. దాన్ని రూపకల్పన చేసిన బెర్తోల్డ్ లుబెట్కిన్ అంతకుముందు అదే బరోలో హెల్త్ సెంటర్ కట్టాడు. సామాన్యులకి ఎంత మంచిదిచ్చినా ఎక్కువ కాదనేది ఆయన నమ్మకం. ఆ హెల్త్ సెంటర్ కోసం పట్టుబట్టిన కౌన్సిలర్ మన దేశం మనిషి, డాక్టర్ చునీలాల్ కాత్యాల్. 1938లో ఫిన్స్‌బరీ మేయరయ్యారు, బ్రిటన్‌లో మేయరైన మొదటి దక్షిణాసియా మనిషి ఆయన. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీ గారు చార్లీ చాప్లిన్‌ని కలిసింది కానింగ్ టౌన్‌లో ఉన్న ఈ కాత్యాల్ గారి ఇంట్లోనే. వి.కె. కృష్ణ మేనన్ కూడా సెయింట్ పాంక్రాస్‌లో 1934 నుంచి 1947 దాకా లేబర్ కౌన్సిలరే. ఈ దేశపు ప్రగతిశీల రాజకీయాల్లో మనవాళ్ళు చూస్తూ కూర్చోలేదు, చేతులు కలిపి కట్టారు. ఈ సంగతి తెలిసిన రోజు ఆఫీసులో నా కుర్చీలో నేను ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

మా ఎస్టేట్లలో రేవులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. అద్దె పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడల్లా ఒకటే కబురు. తాళాలు చేతికొచ్చిన రోజు వాళ్ళావిడ కొత్త బాత్‌టబ్‌లో బట్టలతోనే కూర్చుని ఏడ్చిందట. అంతకుముందు వారానికోసారి వంటింట్లో రేకు తొట్టెలో స్నానం, అదే నీళ్ళు ఇంటిల్లిపాదికీ. వాళ్ళ వరసలో ఒక స్కూలు టీచరు, ఒక బస్సు కండక్టరు, ఒక నర్సు ఉండేవారు. కౌన్సిల్ ఇంట్లో ఉంటున్నామని చెప్పుకోవడానికి సిగ్గేముంది అనేవారాయన. 1970ల చివర్లో ఇంగ్లండులో దాదాపు ప్రతి మూడు కుటుంబాల్లో ఒకటి కౌన్సిల్ ఇంట్లో ఉండేది మరి.

ఆ పెద్దాయన తన ఇల్లు కొనుక్కున్న కాగితాలు కూడా మా ఆఫీసు మీదుగానే వెళ్ళాయి. 1980 చట్టంతో వచ్చింది ఆ హక్కు, రైట్ టు బై. అద్దెకున్నవాళ్ళు తమ కౌన్సిల్ ఇంటినే తక్కువ ధరకి కొనుక్కోవచ్చు. మొదట్లో రాయితీ 33 నుంచి 50 శాతం, 1986 తర్వాత ఫ్లాట్లకి 70 శాతం దాకా. ఆయన తలుపుకి ఎర్ర రంగు వేయించుకున్నారు. ఆ సంతోషం నిజమైనది; దాన్ని తక్కువ చేసి మాట్లాడే ప్రగతివాదుల్ని నేను ఒప్పుకోను. జీవితమంతా బరువులు మోసిన మనిషికి ఒక గోడ నాదని చెప్పుకోవాలని ఉండదా? తప్పు ఆ కొన్నవాళ్ళది కాదు. అమ్మిన ఇంటికి బదులు ఇంకోటి కట్టనివ్వకపోవడంలో ఉంది. వచ్చిన డబ్బుతో కౌన్సిళ్ళు ఇళ్ళు కట్టుకుంటామంటే ప్రభుత్వం కుదరదంది. 1990 నుంచైతే ఆ సొమ్ములో 75 శాతం పాత అప్పులకే పక్కన పెట్టాలని నిబంధన.

మా లిస్టు మీద దాని ప్రభావం ఏడాది ఏడాదికీ కనిపించింది. ముందుగా అమ్ముడుపోయినవి పెరడున్న మంచి ఇళ్ళు. కౌన్సిల్ చేతిలో మిగిలినవి ఎక్కువగా టవర్లలో ఫ్లాట్లు. ఇళ్ళు తగ్గేకొద్దీ పాయింట్లు పెరగాల్సి వచ్చింది. టీచరుకీ కండక్టరుకీ ఇక ఇల్లు రాదు. మరీ చితికిపోయినవాళ్ళకే వస్తుంది. అందరిదీ కావాలని బెవన్ కోరుకున్నది గతిలేనివాళ్ళదిగా మారింది. దాంతో రిపేర్లకి డబ్బు అడిగే గొంతులకి బలం పోయింది. వానకి కారుతోందని టీచరు కంప్లెయింట్ చేస్తే ఒకలా వింటారు, నిన్నటిదాకా వీధిలో పడుకున్న మనిషి చేస్తే ఇంకోలా వింటారు. నేను ఆ ఫోన్లు రెండు రకాలూ ఎత్తాను కాబట్టి చెప్తున్నాను.

కరువులో ద్వేషం సులువుగా పండుతుంది. 1993 సెప్టెంబరులో ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని మిల్‌వాల్ వార్డుకి ఉపఎన్నిక జరిగితే బ్రిటిష్ నేషనల్ పార్టీ అనే జాతివాద పార్టీ గెలిచింది. తెల్లవాళ్ళ హక్కులు అన్నది వాళ్ళ నినాదం, ఇళ్ళన్నీ బంగ్లాదేశీలకే పోతున్నాయన్నది ప్రచారం. నిజానికి 1988లో, జాతి వివక్షని విచారించే ప్రభుత్వ సంస్థ కమిషన్ ఫర్ రేషియల్ ఈక్వాలిటీ, ఆ వార్డున్న టవర్ హామ్లెట్స్ బరో మీద విచారణ జరిపి బంగ్లాదేశీ కుటుంబాలకే అన్యాయం జరిగిందని తేల్చింది. ఫలితం వచ్చిన మర్నాడు ఆఫీసుకి వెళ్ళడానికి బస్సెక్కితే, చీర కట్టుకున్న నన్ను చూసి ఇద్దరు మొహం తిప్పుకున్నారు. ఆఫీసులో మా సీనియర్ ఆవిడ నాకు టీ కలిపి తెచ్చి, పక్కన కూర్చుని, "పోరాడదాం లవ్" అని ఆప్యాయంగా అన్నారు. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు నమోదు చేయించిన వాళ్ళలో ఆవిడ స్నేహితులు చాలామంది ఉన్నారు. 1994 మేలో ఆ సీటు పోగొట్టుకుంది బ్రిటిష్ నేషనల్ పార్టీ.

ఆ రోజుల్లో మా నాన్నగారు బాగా గుర్తొచ్చేవారు. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత పక్కా ఇళ్ళకి లబ్ధిదారుల జాబితాలు రాసే పని ఆయన మీద పడింది. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. లాంతరు ముందు కూర్చుని ఆయన పేర్లు చెప్తుంటే నేను సాపుగా రాసిపెట్టేదాన్ని. పొద్దున్నే మా అరుగు మీద జనం. ఇల్లు పోయినవాళ్ళు, పిల్లలు పోయినవాళ్ళు, ప్రతి మనిషి చేతిలో ఒక కాగితం. అందరూ నాన్నగారికి దణ్ణాలు పెట్టేవారు. ఆయనకి అది చాలా బాధగా ఉండేది. "ఇళ్ళు తక్కువున్నాయి కాబట్టేనమ్మా నాకీ దణ్ణాలు. అందరికీ సరిపడా ఉంటే నా మొహం ఎవడు చూస్తాడు?" అనేవారు. లండన్‌లో ఆ బల్ల వెనక కూర్చున్నాక నాకు నాన్నగారి బాధ పూర్తిగా అర్థమైంది.

1997లో లేబర్ పార్టీ నాయకుడు టోనీ బ్లెయిర్ గెలవగానే సదర్క్‌లోని ఏల్స్‌బరీ ఎస్టేట్‌కి వెళ్ళి ప్రసంగించాడు. మాకందరికీ ఎంతో ఆశ. డీసెంట్ హోమ్స్ పేరుతో కిటికీలూ వంటిళ్ళూ స్నానాల గదులూ మారాయి, అది మంచి పనే. కొత్త కౌన్సిల్ ఇళ్ళు మాత్రం చాలా తక్కువ కట్టారు. 2013లో కన్సర్వేటివ్-లిబరల్ డెమొక్రాట్ ప్రభుత్వం, ఇంట్లో ఒక పడగ్గది ఎక్కువుంటే అద్దె సాయంలో 14 శాతం, రెండుంటే 25 శాతం కోత పెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన తల్లుల్ని, ఇంకా చిన్న ఇంటికి మారమని మేం ఉత్తరాలు రాయాలి. మారడానికి చిన్న ఇల్లు ఉంటేగా!

2017 జూన్ 14న పశ్చిమ లండన్‌లో కౌన్సిల్ ఫ్లాట్లున్న గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడింది. 24 అంతస్తులు, 72 ప్రాణాలు. గోడలకి బయట తొడిగిన క్లాడింగ్ మంటని మోసుకుపోయింది. అక్కడివాళ్ళు ప్రమాదం గురించి ముందే ఎన్నోసార్లు రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ చావులన్నీ తప్పించగలిగినవేనని 2024లో విచారణ నివేదిక తేల్చింది. 2020లో రోచ్‌డేల్‌లో ఇంటి గోడల బూజు వల్ల రెండేళ్ళ పసివాడు చనిపోయాడు. ఇప్పుడు ఆ బిడ్డ పేరుతో చట్టం ఉంది, ఇన్ని రోజుల్లోగా బూజు సంగతి చూడాలని గడువులు పెడుతూ. టీవీలో ఆ వార్త చూసిన రాత్రి, ఆస్తమా ఉత్తరం తెచ్చిన ఆ సిల్హెటీ తల్లిని తల్చుకుని చాలాసేపు ఏడ్చాను.

రిటైరయ్యాక నారిచ్ వెళ్ళి గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ చూసొచ్చాను. అక్కడి సిటీ కౌన్సిల్ కట్టించిన సుమారు వంద ఇళ్ళు. చలికాలంలో హీటింగ్ ఖర్చు నామమాత్రంగా ఉండేలా కట్టారు. 2019లో దేశంలో భవన నిర్మాణానికిచ్చే పెద్ద బహుమతి, స్టిర్లింగ్ ప్రైజ్ వచ్చింది, కౌన్సిల్ ఇళ్ళకి అది రావడం అదే మొదటిసారి. ఇళ్ళ వెనక సందులో పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటున్నారు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఇంకా కట్టడం చేతనవుతుందన్న మాట. 2024లో రైట్ టు బై రాయితీలు బాగా తగ్గించారు, స్కాట్లండ్, వేల్స్ అయితే ఆ పథకాన్నే ఎత్తేశాయి. ఇప్పుడు కావలసింది ఇళ్ళు, మళ్ళీ లక్షల్లో.

ఇక మన పిల్లల సంగతి. ఈస్ట్‌హామ్‌లో, ఇల్‌ఫర్డ్‌లో ఒక్కో ఇంట్లో ఎంతమంది తెలుగు విద్యార్థులు సర్దుకుంటున్నారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒకప్పుడు కౌన్సిల్ అమ్మిన ఫ్లాట్లే చేతులు మారి, హాల్లోనూ పరుపులేసి, ఇప్పుడు వీళ్ళకి అద్దెకొస్తున్నాయి. స్టూడెంట్ వీసా మీదున్నవాళ్ళకి ప్రభుత్వ సాయం ఏదీ దొరకదు, కౌన్సిల్ లిస్టులో పేరు కూడా ఎక్కదు. "ఆంటీ, ఇక్కడ హామీ ఇచ్చేవాళ్ళు లేరని ఆర్నెల్ల అద్దె ముందే కట్టమన్నాడు" అని అనంతపురం కుర్రాడొకడు చెప్పాడు. ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి కట్టాడు.

అందుకని నేనూ, నాతో పనిచేసి రిటైరైన ఒకరిద్దరూ శనివారాలు లైబ్రరీలో కూర్చుంటున్నాం. వచ్చిన పిల్లలకి చెప్పేవి ఇవి: ఇంగ్లండులో మామూలు అద్దె ఒప్పందానికి డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, ఇంటి ఓనరు దాన్ని 30 రోజుల్లోగా గుర్తింపు ఉన్న స్కీములో జమ చేయాలి. వేర్వేరు కుటుంబాలవాళ్ళు ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో ఒకే ఇంట్లో ఉంటే ఓనరుకి లైసెన్సుండాలి. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం, 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించడం కుదరదు, కొత్త ఒప్పందాల్లో నెల కన్నా ఎక్కువ అద్దె ముందుగా అడగడమూ కుదరదు. ఓనరు అదే ఇంట్లో ఉంటే నిబంధనలు వేరు, అది మాత్రం చూసుకోవాలి. మీ పిల్లలెవరైనా ఇక్కడికి వస్తుంటే ఈ మాటలు వాళ్ళకి పంపండి. ఒప్పందం కాగితమూ, అద్దె బ్యాంకు ద్వారా కట్టిన రుజువూ దాచుకోమనండి. చేతికి నగదు ఇవ్వొద్దనండి.